సున్నపు గోడల బడి: పాత మునిసిపల్ ఎలిమెంటరీ స్కూలు అలా ఎందుకు కట్టారు, ఎందుకు పాడవుతోంది

కాకినాడ, రాజమండ్రి, బందరు, గుంటూరు, నెల్లూరు. ఏ పాత పట్టణంలో చూసినా సుమారు నూరేళ్ళ నాటి మునిసిపల్ ఎలిమెంటరీ స్కూళ్ళకు అన్నదమ్ముల పోలిక ఉంటుంది. వీధి మట్టానికి రెండు మూడడుగుల ఎత్తులో అరుగు, దాని మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా వసారా. దాన్ని ఆనుకుని గది అనాలో హాలు అనాలో తేలని పొడుగాటి కట్టడం. మూరెడు మందం గోడలు, చేతికందని ఎత్తులో వెంటిలేటర్లు, పైన పెంకులో మిద్దెనో. కొన్నింటి మీద ఇప్పుడు "శిథిల భవనం" అని ఎర్ర అక్షరాలు కనిపిస్తాయి. అలా రాసేముందు ఎవరో ఒకరు తేల్చవలసిన సంగతి ఒకటుంది: పాడైంది అసలు గోడా, లేక ఆ గోడకు ఈ నలభై యాభై ఏళ్ళలో మనం చేసిన మరమ్మతా? చాలా చోట్ల జవాబు రెండోదే. అది అర్థం కావాలంటే ఈ బడి ఎక్కడి నుంచి వచ్చిందో, దేనితో కట్టారో తెలియాలి.

అరుగు మీది నుంచి హాలులోకి

బడికి విడిగా భవనం ఉండాలన్న ఆలోచన తెలుగు దేశంలో కొత్తది. వీధిబడి పంతులుగారి ఇంటి అరుగు మీదో, గుడి మండపంలోనో, చెట్టు కిందో నడిచేది. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1822లో జిల్లా కలెక్టర్లందరినీ బడుల లెక్కలు పంపమన్నాడు. 1826 నాటికి తేలిన మొత్తం 12,498 బడులు, 1,88,650 మంది పిల్లలు. జనాభా కోటీ 28 లక్షలు. అంటే సుమారు వెయ్యి మందికో బడి. బళ్ళారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన నివేదికలో ఆ జిల్లా 533 బడుల్లో 226 తెలుగువి. పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దడం, పెద్ద పిల్లలు చిన్న పిల్లలకు చెప్పడం ఆయన రాశాడు. పెద్దపిల్లల చేత చెప్పించే పద్ధతినే ఆండ్రూ బెల్ మద్రాసు ఎగ్మూరు అనాథశాలలో అమలు చేసి, ఇంగ్లండు తీసుకెళ్ళి 'మద్రాసు పద్ధతి' అని పేరు పెట్టాడు. బడి భవనం ఆకారానికీ దీనికీ సంబంధం ఉంది. ఒక్క పంతులు, చుట్టూ నాలుగైదు గుంపుల పిల్లలు, గుంపుకో పెద్దపిల్లవాడు: ఈ ఏర్పాటుకు గదులక్కర్లేదు, ఒక్క చూపులో కనపడే ఒకే ఒక్క చోటు కావాలి. అరుగు అందుకు సరిపోయింది. తర్వాత వచ్చిన హాలు ఆ అరుగుకు గోడలు కట్టినట్టే ఉంటుంది.

ఆ గోడలు రావడానికి వందేళ్ళు పట్టింది. 1854లో ఇంగ్లండు నుంచి వచ్చిన విద్యా విధాన పత్రం, ఉడ్ డిస్పాచ్, బడులకు సర్కారు సాయం ఇచ్చే గ్రాంటు పద్ధతి తెచ్చింది. మద్రాసు రాజధానిలో, అంటే ప్రెసిడెన్సీలో, పరీక్షలో పిల్లలు ఎంతమంది నెగ్గారన్న లెక్క మీద గ్రాంటు ఇచ్చే విధానం దశాబ్దాలు నడిచింది. పాసైన తలకాయకు డబ్బిస్తే ఏ యజమాని ఇటుక మీద ఖర్చు పెడతాడు? బడులు అద్దె ఇళ్ళలోనే ఉండిపోయాయి. పట్టణాలకు ఇంకో దారి తెరుచుకుంది. 1865 పట్టణాభివృద్ధి చట్టం కింద 1866లో కాకినాడ, రాజమండ్రి, బందరు, గుంటూరు, నెల్లూరు మునిసిపాలిటీలయ్యాయి. 1871 చట్టం వాటికి బడుల మీద ఖర్చు పెట్టే వీలిచ్చింది. ప్రాథమిక విద్యను స్థానిక సంస్థలకు అప్పగించాలని 1882 హంటర్ కమిషన్ సిఫారసు చేస్తే, 1884లో జిల్లా మునిసిపాలిటీల చట్టం, స్థానిక బోర్డుల చట్టం వచ్చాయి. అసలు మలుపు 1920 మద్రాసు ఎలిమెంటరీ విద్యా చట్టం. విద్యా పన్ను వేసుకునే అధికారం చేతికొచ్చాక, సొంత స్థలంలో సొంత భవనం అన్నది మునిసిపల్ కౌన్సిళ్ళకు సాధ్యమయ్యే పని అయింది.

సొంత భవనం అవసరానికి ఇంకో కారణం కూడా ఉంది. అద్దె ఇల్లు అగ్రహారంలో ఉంటే, బడి గుడి ఆవరణలో ఉంటే దళిత పిల్లలకు గుమ్మం దాటే వీలుండేది కాదు. వాళ్ళకు 'పంచమ బడులు' వేరుగా ఉండేవి, 1920ల నుంచి లేబర్ డిపార్ట్‌మెంటు బడులు వచ్చాయి. లోపలికి రానిచ్చిన చోట కూడా వసారాలో కూర్చోబెట్టడం మామూలు. వసారా అందాన్ని మెచ్చుకునేవాళ్ళు దీన్ని కూడా గుర్తుపెట్టుకోవాలి. ఆడపిల్లల బడి చరిత్ర విడిగా నడిచింది. కందుకూరి వీరేశలింగం 1874లో ధవళేశ్వరంలో బాలికల పాఠశాల పెట్టేనాటికి అది ఊరంతా వింతగా చూసే పని.

మద్రాసు కార్పొరేషన్ 1920లో, పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షుడుగా ఉండగా, థౌజండ్ లైట్స్ బడిలో మధ్యాహ్న ఫలహారం మొదలుపెట్టింది. తలకు రోజుకు అణా మించకూడదని షరతు. ఆ రోజుల్లో కట్టిన బడి నక్షాల్లో వంటిల్లు లేదు. ఇవాళ మనం చూసే పొగచూరిన వసారాలకు మూలం అక్కడుంది. దాని సంగతి తర్వాత.

నిజాం రాజ్యంలోని తెలంగాణ కథ వేరు. అక్కడ మునిసిపల్ పన్ను కాదు, రాజ్య విద్యాశాఖే బడి నడిపింది, ఉర్దూ మాధ్యమంగా. కట్టుబడిలో ఇటుక బదులు రాయి ఎక్కువ, సున్నాన్ని 'డంగు సున్నం' అంటారు, పైకప్పులో ఇనుప గర్డర్ల మధ్య చిన్న ఇటుక కమాన్లు తరచు కనిపిస్తాయి. సున్నం గురించి కింద చెప్పేదంతా రెండు ప్రాంతాలకూ వర్తిస్తుంది.

ఎండ ఎక్కడిదాకా వస్తుంది

బాగా ఆలోచించి కట్టిన బడిలో హాలు పొడవు తూర్పు పడమరలుగా ఉంటుంది. కిటికీలు ఉత్తరానికీ దక్షిణానికీ, నల్లబల్ల తూర్పు గోడకు. పిల్లలు తూర్పుకు తిరిగి కూర్చుంటే ఎడమ చేతివైపు ఉత్తరం. కుడిచేత్తో రాసేవాళ్ళకు వెలుతురు ఎడమ నుంచి పడితే తమ చెయ్యి నీడ పలక మీద పడదు. ఉత్తరపు వెలుతురులో మిరుమిట్లు ఉండవు. మన అక్షాంశాల్లో మే రెండో వారం నుంచి జులై చివరిదాకా మధ్యాహ్న సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉంటాడు గానీ, అందులో చాలా రోజులు వేసవి సెలవులే. నల్లబల్లను పడమటి గోడకు మార్చిన బడుల్లో పిల్లలకు ఎడమవైపు దక్షిణం వస్తుంది, బల్ల మీద తళతళ మొదలవుతుంది. అప్పుడు కిటికీ రెక్కలు మూసి ట్యూబులైట్లు వేస్తారు. బల్లను తిరిగి తూర్పుకు మార్చడానికి అయ్యే ఖర్చు నాలుగు మేకులు.

దక్షిణపు వసారా వెడల్పు గాలివాటంగా పెట్టింది కాదు. రాజమండ్రి 17 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో ఉంది. డిసెంబరు మూడో వారంలో, అంటే ఎండ బాగా వాలి లోపలికి చొరబడే రోజుల్లో, మధ్యాహ్నం పన్నెండింటికి సూర్యుడు దక్షిణ దిక్కున దాదాపు 49న్నర డిగ్రీల ఎత్తులో ఉంటాడు. చూరు నేలకు ఏడున్నర అడుగుల ఎత్తులో ఉందనుకుంటే ఎండ వసారాలోకి ఆరున్నర అడుగులు వస్తుంది. వసారా ఎనిమిదడుగులైతే గోడను కూడా తాకదు. ఉదయం తొమ్మిదింటికి, సూర్యుడు ఇంకా కిందికి, ఆగ్నేయంగా ఉన్నప్పుడు, ఎనిమిదిన్నర అడుగులు లోపలికి వచ్చి గడప మీద ఆగుతుంది. తొమ్మిది దాటాక ఏడాదిలో ఏ రోజూ అంతకు మించి రాదు. ఆ చూరును రెండడుగులు కోసి "వెలుతురు రావడం లేదు" అని చదును స్లాబు వేసిన చోట పిల్లలు మధ్యాహ్నమైతే దక్షిణపు వరుస ఖాళీ చేసి ఇవతలికి జరుగుతారు.

గాలి సంగతి ఇంకా సూక్ష్మం. పిల్లలు నేల మీద కూర్చున్న రోజుల్లో కట్టిన బడిలో కిటికీ అడుగు రెండు, రెండున్నర అడుగుల్లో ఉంటుంది, కూర్చున్న పిల్లవాడి ఒంటికి గాలి తగలాలని. వేడిగాలి పైకెక్కి వెంటిలేటరులోంచి పోతుంది. పైది మూస్తే కిందది ఉన్నా లాభం సగమే. పావురాలు, గబ్బిలాలు వస్తున్నాయని వెంటిలేటర్లకు ఇటుకలు కట్టేసిన బడులున్నాయి. జాలీ కొడితే సరిపోయేది. మందపాటి గోడ కూడా ఇందులో భాగమే. 18 అంగుళాల ఇటుక గోడ మీద పడ్డ మధ్యాహ్నపు వేడి లోపలి ముఖానికి చేరేసరికి రాత్రవుతుంది. అప్పటికి బడిలో ఎవరూ ఉండరు. ఇంటికైతే ఇది శాపం, బడికి వరం.

గార, గానుగ, మిద్దె

ఈ గోడలో సిమెంటు లేదు. కోస్తాలో గుల్లసున్నం, అంటే ఆల్చిప్పలు కాల్చి తీసింది. లోపలి జిల్లాల్లో సున్నపురాయి. కాల్చిన సున్నాన్ని నీళ్ళలో విరిపి, కనీసం వారం పది రోజులు తొట్టిలో నాననివ్వాలి. ఒక పాలు సున్నానికి రెండు నుంచి మూడు పాళ్ళ ఇసుక కలిపి, గుండ్రటి రాతి గాడిలో ఎద్దులు లాగే రాతి చక్రం కింద తిప్పుతారు. అదే సున్నపు గానుగ. తడి ఎక్కువ తగిలే చోట ఇసుకలో కొంత భాగం తీసేసి ఇటుక పొడి కలుపుతారు. ఇటుక పొడి సున్నంతో కలిసి నీటిలోనూ గట్టిపడే గుణం ఇస్తుంది. పైపూత గారలో కరక్కాయ నానబెట్టిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పడతాయి.

సున్నం గట్టిపడే తీరు సిమెంటులా ఉండదు. సిమెంటు నీళ్ళతో కలిసి కొన్ని వారాల్లో బిగుసుకుంటుంది. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ నెలలు, ఏళ్ళ తరబడి మళ్ళీ రాయి అవుతుంది. అందుకే అది పునాది కాస్త కుంగినా చిట్లకుండా ఒదుగుతుంది, సన్నటి పగుళ్ళను తానే పూడ్చుకుంటుంది. అంతకన్నా ముఖ్యం, తడిని లోపల బంధించదు. పాత గోడకు అడుగున తడి ఆపే పొర ఉండదు. నేలలోని చెమ్మ గోడలోకి ఎక్కుతుంది, గార గుండా ఆవిరై పోతుంది. ఎక్కినంతా పోతూ ఉండటమే ఆ గోడ ఆరోగ్యం.

మిద్దె ఉన్న బడుల్లో పైకప్పును 'మద్రాసు టెర్రేస్' అంటారు. దీని తయారీని ఒకసారి వరుసగా చూస్తే, ఎక్కడ చెడుతుందో దానంతటదే తెలుస్తుంది. ముందు గోడ నుంచి గోడకు టేకు దూలాలు, వాటి మీద సుమారు అడుగున్నర దూరంలో సన్నటి టేకు పట్టెలు. కలప బర్మా నుంచి ఓడల్లో వచ్చేది, లేదా గోదావరి మీద తెప్పలు కట్టి రాజమండ్రికి దించేవారు. పట్టెల మీద పలచటి ప్రత్యేక ఇటుకలు: 15 సెంటీమీటర్ల పొడవు, ఏడున్నర వెడల్పు, రెండున్నర మందం. వీటిని పడుకోబెట్టరు, అంచు మీద నిలబెడతారు, అదీ పట్టెలకు అడ్డంగా కాక 45 డిగ్రీల ఏటవాలుగా. ఒక మూల నుంచి మొదలుపెట్టి వరుస వెంట వరుస అతికిస్తుంటే ప్రతి వరుసా ముందు వరుసను ఆనుకుని నిలుస్తుంది, కింద చెక్కలు కొట్టి ఆపాల్సిన పని ఉండదు. అది గట్టిపడ్డాక పైన ఇటుక జల్లి, సున్నం కలిపిన కాంక్రీటు పది సెంటీమీటర్లు పోసి, కూలీలు వరుసలుగా కూర్చుని చెక్క బద్దలతో రోజుల తరబడి కొడతారు. మధ్యమధ్య సున్నపు తేట, బెల్లం, కరక్కాయ నీళ్ళు చల్లుతారు. పది సెంటీమీటర్లు ఏడున్నరకు దిగాలి, బద్ద దెబ్బకు ఎగిరిపడాలి, అప్పుడు ఆపుతారు. పైన రెండు వరుసల చదును పెంకులో, నున్నటి గారో. 36 అడుగులకు అడుగు చొప్పున వాలు.

ఈ కప్పు బరువు చదరపు మీటరుకు 300 కిలోలకు పైనే. పట్టెలు దానికి సరిపడా వేసినవి. అంతకు మించి మోయడానికి కాదు.

పెంకుల బడిది తేలిక కప్పు. కోస్తాలో 'బెంగుళూరు పెంకు' అనే దాని అసలు ఊరు మంగుళూరు. బాసెల్ మిషన్ వాళ్ళు 1865లో అక్కడ ఫ్యాక్టరీ పెట్టారు. చదరపు మీటరుకు 15 పెంకులు, పెంకుకు రెండు కిలోల పైచిలుకు. మొత్తం 35 కిలోల దరిదాపు, మిద్దెలో పదో వంతు. కాబట్టి 20 అడుగుల వెడల్పు హాలును మధ్యలో స్తంభం లేకుండా కప్పడం కుదిరింది. ఎనిమిది పదడుగులకో టేకు ట్రస్సు: అడుగున అడ్డదూలం, మధ్యలో నిట్రాడు, రెండు వైపులా ఏటవాలు కమ్మీలు, వాటిమీద వాసాలు, పెంకులు ఆనే సన్నటి బద్దలు, అంటే రీపర్లు. ఏటవాలు కమ్మీలు రెండూ గోడలను బయటికి నెట్టాలని చూస్తాయి. అడ్డదూలం వాటిని కలిపి లాగి పట్టుకుంటుంది. అందుకే హాలు గోడలకు ఆనుడు గోడలు అక్కర్లేదు. అడ్డదూలం కొసలు చెదపట్టినా, "తలకు అడ్డం" అని ఎవరైనా కోసినా, గోడ తల బయటికి వాలడం మొదలవుతుంది.

ఎక్కడ చెడుతుంది

మొదటి దోషి గోడ అడుగు భాగానికి పూసిన సిమెంటు. నేలకు మూడడుగుల దాకా గార పెచ్చులూడితే గుత్తేదారు దాన్ని చెక్కేసి సిమెంటు పూస్తాడు. ఏడాది బాగుంటుంది. లోపలి చెమ్మకు బయటికి దారి మూసుకుపోయింది కనుక అది ఇంకా పైకెక్కుతుంది, సిమెంటు పూత ఆగిన చోట, నాలుగైదు అడుగుల ఎత్తులో, బయటపడుతుంది. నీరు ఆవిరయ్యాక ఉప్పు మిగులుతుంది. ఆ ఉప్పు స్ఫటికాలు పెరిగి ఇటుక ముఖాన్ని పొడిపొడిగా రాలుస్తాయి. సముద్రం దగ్గరి ఊళ్ళలో ఇది రెట్టింపు. అప్పుడు సిమెంటును ఇంకో రెండడుగులు పైకి పూస్తారు. చెమ్మ కూడా అంతే పైకి వెళుతుంది. ఇలా దూలం కొసల దాకా చేరితే కథ మారుతుంది: గోడలో పొదిగిన టేకు కొస ఎప్పుడూ తడిగా ఉండి కుళ్ళుతుంది. బయట కనిపించే దూలం ఉక్కులా ఉంటుంది, గోడలోని ఆరంగుళాలు పుట్టగొడుగులా మెత్తబడి ఉంటుంది.

రెండోది మిద్దె మీద కాంక్రీటు. కప్పు కారిందని పైన రెండంగుళాల సిమెంటు కాంక్రీటు వేయడం చాలామంది చేసే పని. అయిదు సెంటీమీటర్ల కాంక్రీటు చదరపు మీటరుకు 120 కిలోలు. 20 అడుగుల చదరం గదికి దాదాపు నాలుగున్నర టన్నుల అదనపు బరువు. పదేళ్ళకు మళ్ళీ కారితే ఇంకో పొర. సిమెంటు పొర, కింది సున్నపు పొర ఎండకు ఒకే తీరుగా సాగవు కనుక పగుళ్ళు తప్పవు. పగులులో దిగిన నీరు రెండు పొరల మధ్య నిలిచి, ఎక్కడో దూరంగా బొట్టు కడుతుంది. కారే చోటుకూ పగిలిన చోటుకూ పొంతన ఉండదు. మేస్త్రి కారే చోట పైన పూస్తాడు.

మూడోది తూములు. మిద్దె వాలు సన్నం, నీరు పోయేది గోడ కట్టలోని రెండు మూడు తూముల నుంచే. అక్కడ ఆకులు, చిరిగిన నోటుపుస్తకాల కాగితం, బంతి అడ్డుపడితే నీరు రోజుల తరబడి నిలుస్తుంది. ఆ మట్టిలో రావి మొక్క మొలుస్తుంది. పీకితే పైది వస్తుంది, వేరు గోడలో ఉంటుంది, వానకు మళ్ళీ చిగురిస్తుంది. వేరు దాకా గార విప్పి, వేరు తీసి, సున్నంతో పూడిస్తేనే అది పోతుంది. వంతెన కింద రావి మొక్కను చూసి ముచ్చటపడవచ్చు గానీ బడి మిద్దె మీద కాదు.

పెంకుల కప్పుకు కోతులు, తుపానులు. పెంకు పగిలిందని ఆ ఒక్క చోట రేకు ముక్క దూర్చితే దాని అంచున వాసం తడుస్తుంది. విసిగిపోయి మొత్తం పెంకు దించి ఆస్బెస్టాస్ రేకులు వేసిన హాళ్ళలో వేసవి మధ్యాహ్నాలు కూర్చోలేరు; పైగా ఆ రేకును కోసినా, బెజ్జం వేసినా వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం. తుపాను గాలి పెంకును ముందు చూరు దగ్గరా, వెన్ను దగ్గరా లేపుతుంది. ఆ రెండు చోట్లా వరుసను రాగి తీగతో రీపరుకు కట్టి, వెన్ను పెంకులను సున్నంలో కూర్చోబెట్టాలి. మధ్యలో వదులుగా ఉన్నా ఫరవాలేదు.

వంట గురించి. సుప్రీంకోర్టు 2001 ఆదేశం తర్వాత వండిన భోజనం పెట్టడం తప్పనిసరి అయింది. పాత బడిలో వంటకు చోటు లేక వసారా చివరే పొయ్యి వెలిగింది. పొగ, తడి, గిన్నెలు కడిగిన నీరు గోడ మొదట్లో పడటం ఒక నష్టం. దానికన్నా పెద్దది నిప్పు. 2004 జులై 16న కుంభకోణం బడిలో వంట పాక నుంచి లేచిన మంట తాటాకు కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. వసారాలోకి నాలుగైదు గుమ్మాలుండే పాత హాలు నిజానికి ఖాళీ చేయడానికి చాలా సులువైన కట్టడం, ఆ గుమ్మాలన్నీ తెరిచి ఉంటే. బీరువాలు, విరిగిన బెంచీలు అడ్డం పెట్టి ఒక్క గుమ్మం మాత్రం వాడే బడిలో ఆ మేలు మిగలదు.

ఉన్నదాన్ని పరీక్షించడం, బాగుచేయడం

గోడ బలాన్ని కాంక్రీటు సుత్తితో చూసి "బలం లేదు" అనడం తప్పు కొలత. ఎగిరిపడే ఆ సుత్తి లెక్కలు కాంక్రీటు కోసం కట్టినవి. సున్నపు గోడకు చూడాల్సినవి వేరు. తూకపు గుండు వేలాడదీసి గోడ నిటారుగా ఉందో లేదో కొలవాలి. పగులు మీద అడ్డంగా పలచటి గాజు ముక్కను గారతో అతికించి, తేదీ రాసి, ఒక వానాకాలం వదిలేయాలి. గాజు పగిలితే గోడ కదులుతోంది, పగలకపోతే ఆ పగులు ఏనాటిదో. ప్రతి దూలం కొస దగ్గర గోడకు ఆనుకుని సన్నటి చీలతో గుచ్చాలి. అరంగుళం మించి దిగితే లోపల కుళ్ళు ఉన్నట్టే. నడి దూలం మీద కొట్టి చూసి తృప్తిపడితే లాభం లేదు. ఇనుప గర్డర్ల మిద్దెలో కమాను కన్నా ముందు గర్డరు కింది అంచు తుప్పు చూడాలి, పొరలు పొరలుగా లేస్తోందా అని.

బాగుచేయడంలో వరుస తప్పకూడదు. ముందు నీరు: తూములు, చూరు, వసారా కప్పు పెద్ద గోడను కలిసే సందు, గోడ చుట్టూ నేల వాలు. మూడడుగుల వెడల్పున గోడ నుంచి బయటికి వాలేట్టు నేల సరిచేస్తేనే సగం చెమ్మ తగ్గుతుంది. తర్వాత కలప: కుళ్ళిన కొస కోసి, పాత టేకుతో గానీ కొసకు తొడిగే ఇనుప చెప్పులతో గానీ అతుకు వేసి, కొస చుట్టూ గాలాడే సందు వదలాలి. ఆ తర్వాతే గోడ: సిమెంటు చెక్కేయాలి, సందుల్లోని ఉప్పు దులపాలి, ఒక వేసవి గోడను నగ్నంగా ఆరనివ్వాలి. చివరగా సున్నపు గార రెండు పూతలు, ఒక్కో పూత అర అంగుళం మించకుండా, తడి గోనె కప్పి వారం పైగా. వెల్ల కూడా సున్నపు వెల్లే. ఖరీదైన ప్లాస్టిక్ రంగు పూస్తే చేసిన పనంతా మళ్ళీ మూతపడుతుంది.

సిమెంటు గెలిచింది బలంగా ఉండి కాదు, బడి కేలెండరులో ఇమిడిపోయి. పని చేయడానికి బడి ఖాళీగా దొరికేది ఏప్రిల్ చివరి నుంచి జూన్ రెండో వారం దాకా, నలభై యాభై రోజులు. సరిగ్గా అదే సున్నానికి చెడ్డ కాలం: ఎండ తడిని లాగేస్తే గార పొడిగా రాలుతుంది. సున్నపు పనికి అనువైనది సంక్రాంతి తర్వాత ఉగాది లోపు. అప్పుడు బడి నిండా పిల్లలు, పరీక్షలు. పైగా మామూలు మరమ్మతు అంచనాల్లో కనిపించేవి సిమెంటు పనులే. నానబెట్టే పది రోజులకు, ఆరబెట్టే వేసవికి బిల్లులో గడి లేదు. దీనికి ఉన్న ఉపాయం భవనాన్ని ముక్కలుగా తీసుకోవడమే. మొదటి వేసవి సెలవుల్లో కప్పు, నీరు, సిమెంటు చెక్కడం. చలికాలంలో ఒక్కో గది ఖాళీ చేసుకుంటూ గార. ఒక ఏడాదిన్నర పని. ఆంధ్రలో 2019లో మొదలైన నాడు-నేడు, తెలంగాణలో 2022లో మొదలైన 'మన ఊరు - మన బడి', పట్టణాల్లో 'మన బస్తీ - మన బడి', బడి బాగు కోసం డబ్బు తెచ్చాయి. డబ్బు వచ్చిన వేగం సున్నం ఆరే వేగం కన్నా ఎక్కువైన చోట పాత గోడకు టైల్స్ అంటించారు. టైలు వెనక చెమ్మ ఏం చేస్తుందో ఇప్పటికే చెప్పుకున్నాం.

ఇంకో చిక్కు చట్టానిది. 2009 విద్యాహక్కు చట్టం ఉపాధ్యాయుడికో తరగతి గది ఉండాలంటుంది. 60 మంది పిల్లల దాకా ఇద్దరు, 61 నుంచి 90 దాకా ముగ్గురు ఉపాధ్యాయులు. పాత హాలు లెక్కలో ఒకే గది. అందుకని మధ్యలో నాలుగున్నర అంగుళాల ఇటుక గోడలు లేపుతారు. పదడుగుల ఎత్తు గోడ గజానికి ఆరు వందల కిలోలు తూగుతుంది. దాన్ని పునాది లేని గచ్చు మీద నిలబెడితే గచ్చు కుంగి, గోడ పైన ట్రస్సు దగ్గర చీలుతుంది. వెంటిలేటరు వరుస కూడా తెగి గాలి ఆగిపోతుంది. 20 అడుగుల వెడల్పు, 60 అడుగుల పొడవు హాలును ఏడడుగుల ఎత్తు చెక్క అడ్డుతెరలతో మూడు చేస్తే ఒక్కోటి 400 చదరపు అడుగులు, 30 మందికి తలా 13 అడుగులకు పైగా. ముగ్గురు ఉపాధ్యాయులు, 90 మంది పిల్లలు అందులో సరిపోతారు, కప్పు కింద గాలి ఈ చివర నుంచి ఆ చివరకు ఆడుతుంది. శబ్దం కాస్త పక్కకు వెళ్తుంది, నిజమే. ఎక్కాలు చెప్పే తరగతిని ఒక కొసన, చిన్నపిల్లలను రెండో కొసన పెట్టి, మధ్య గదిని రాత పనికి ఉంచితే చాలావరకు తగ్గుతుంది.

ఇవేవీ ఈ ఏడాది కుదరకపోయినా ఒక పని కుదురుతుంది. మే చివరి వారంలో ఎవరో ఒకరు మిద్దె ఎక్కి తూముల్లో చెయ్యి పెట్టి తీయాలి. ప్రతి తూము దగ్గర రెండు బిందెల నీళ్ళు పోసి, అవి కింద ఎక్కడ పడుతున్నాయో చూడాలి. గోడ వెంట జారితే తూము మూతి బయటికి ఇంకో ఆరంగుళాలు పొడిగించాలి. ఒక అడుగు పైపు ముక్క చాలు.